గాలి గట్టిగా కొడితే నా తెరచాప బోటు పక్కకి పడిపోయి ముక్కు గాలికి తిప్పీసుకుంటోంది, ఏటి చెయ్యాలి?

నాగావళి గట్టు (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. నాలుగు నెలల నుంచి రిమోట్‌తో నడిచే తెరచాప బోటు ఒకటి చేస్తున్నాను. మోటారు లేదు, ప్రొపెల్లరు లేదు, గాలి ఒక్కటే. రిమోట్‌లో రెండే పనులు, చుక్కాని తిప్పడం ఒకటి, చాపల తాడు లాగడం వదలడం ఇంకోటి. మా ఆవిడ అయితే "మోటారు పెట్టీస్తే పోయేదానికి గాలి కోసం దేవుల్లాట ఎందుకు" అని మొదటిరోజే తేల్చీసింది, ఇప్పుడు ఆవిడ మాటే నిజమయ్యేలా ఉంది అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఫోటో పెట్టాను, వివరాలు చెప్తాను. నెట్‌లో ఒక నిజం యాట్ గీతలు దొరికాయి, అది 13 మీటర్ల బోటు, దాన్ని 20వ వంతుకి తగ్గించి 65 సెంటీమీటర్లకి గీసుకున్నాను, అన్నీ కొలతల ప్రకారమే, ఎక్కడా సొంత తెలివి వాడలేదు. లోపల 3 ఎంఎం ప్లైవుడ్ పక్కటెముకలు, పైన బాల్సా పట్టీలు, ఆ పైన ఫైబర్ ఒక పొర. కింద ఫిన్ (నీళ్ళలోకి నిలువుగా దిగే పలక) 16 సెంటీమీటర్లు, దాని చివర సీసం 350 గ్రాములు. మొత్తం బోటు 1330 గ్రాములు తూగింది. చాపలకి పాత గొడుగు గుడ్డ వాడాను, మా అమ్మాయి కుట్టింది, ఎనిమిదో క్లాసు.

నిన్న నరసన్నపేట దగ్గర మా అత్తారి ఊరి చెరువులో దింపాం. పొద్దున్న ఏడింటికి గాలే లేదు, బోటు బొమ్మలా నిలబడి ఉంది. పదకొండున్నర అయ్యేసరికి సముద్రం వైపు నుంచి గాలి మొదలయింది, మొదటి రెండు నిమిషాలు ఎంత బాగుందో చెప్పలేను, గట్టు మీద జనం కూడా పోగయ్యారు, ఒక ముసలాయన "ఇంజనెక్కడుంది బాబూ దీనికి" అని నాలుగుసార్లు అడిగాడు. ఇంతలో గాలి ఒక్క ఊపు ఊపింది. బోటు పక్కకి వాలిపోయి చాప నీళ్ళకి తగిలీసింది, ముక్కు దానంతట అదే గాలి వచ్చే వైపు తిరిగిపోయింది, చాపలు టపటపా కొట్టుకుంటూ ఆగిపోయింది. చుక్కాని ఎటు తిప్పినా వినదు. తర్వాత మెల్లగా వెనక్కి నడుచుకుంటూ పోయి అవతల గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. ఒక కుర్రాడు ఈదుకెళ్ళి తెచ్చి 50 రూపాయలు పుచ్చుకున్నాడు. రెండోసారీ అదే వరస, రెండో 50.

చుక్కాని పెద్దది చెయ్యాలా? సీసం పెంచాలా? లేకపోతే మొత్తం పడీసి కొత్తది మొదలుపెట్టాలా? నిజాయితీగా చెప్పండి, తిట్టినా పర్లేదు.

ఖాళీగున్న ఇంజినీరు

బ్రదర్, ఇవన్నీ ఎందుకు, డ్రాగన్ ఫోర్స్ 65 అని జాయ్స్‌వే వాళ్ళ రెడీమేడ్ బోటు ఉంది, అది కూడా 65 సెంటీమీటర్లే, బిగించుకుని నీళ్ళలో వదిలీడమే. సొంతంగా చేస్తే ఖర్చు తక్కువ అవుతుందనుకుంటే అది భ్రమ, నేను డ్రోన్ సొంతంగా చేసి రెండు కొనేంత డబ్బు పోగొట్టుకున్నాను. ఇంక మీ బోటుకైతే చుక్కాని డబుల్ సైజు పెట్టి చూడండి, వినకపోతే ఇంకా పెద్దది పెట్టండి.

విజీనగరం డ్రాయింగ్ మాస్టారు

కొనుక్కోమనడం తప్పు కాదు గానీ ఈయన అడిగింది అది కాదు కదా. చుక్కాని మాత్రం పెంచకండి బాబూ. వేగం లేని బోటుకి చుక్కాని తెడ్డంత ఉన్నా పని చెయ్యదు, దాని మీంచి నీళ్ళు పారితేనే అది చుక్కాని. వేగంగా పోతున్నప్పుడు పెద్ద చుక్కాని అడ్డంగా తిప్పితే అదొక బ్రేకు. మీ బోటు జబ్బు కింద చుక్కానిలో లేదు, రెండు చోట్ల ఉంది, విడివిడిగా చెప్తాను.

మొదటిది, మీరు సొంత తెలివి వాడలేదన్నారు చూడండి, అక్కడే వచ్చింది. పెద్ద బోటుని 20 రెట్లు తగ్గించారు. చాప వైశాల్యం 400 రెట్లు తగ్గింది, చాప ఎత్తు 20 రెట్లు తగ్గింది, కాబట్టి బోటుని పక్కకి తోసే బలం 8000 రెట్లు తగ్గింది, బాగానే ఉంది. కానీ బోటుని నిలబెట్టేది ఏది? కింది బరువు, దాని లోతు. బరువు 8000 రెట్లు తగ్గింది, లోతు ఇంకో 20 రెట్లు తగ్గింది, మొత్తం 1,60,000 రెట్లు. అంటే పడగొట్టేదాని కంటే నిలబెట్టేది 20 రెట్లు ఎక్కువ చిక్కిపోయింది. గాలి మాత్రం మీ స్కేలు చూసి తగ్గదు కదా, సముద్రం మీద వీచే గాలే నరసన్నపేట చెరువు మీదా వీస్తుంది. అందుకే మోడల్ బోట్లన్నిటికీ కింద కాలు అంత పొడుగ్గా, చివర సీసం అంత బండగా కనిపిస్తాయి, చూసేవాళ్ళకి కొంగ కాలులా ఉంటుంది, అందం కోసం కాదు. ఒక మీటరు బోట్ల క్లాసు (ఒకే రూల్స్‌తో పోటీ పడే బోట్ల వర్గం) ఉంది, ఇంటర్నేషనల్ వన్ మీటర్ అంటారు, 1988లో రూల్స్ వచ్చాయి. అందులో బోటు మొత్తం కనీసం 4 కిలోలు ఉండాలి, అందులో ఫిన్, సీసం కలిపి 2.2 నుంచి 2.5 కిలోలు. అంటే సగం పైన బరువు కిందనే వేలాడుతుంది. మీది 1330లో 350. నాలుగో వంతు పైచిలుకు. ఎలా నిలబడుతుంది చెప్పండి.

మీరు చేసిన 65 సెంటీమీటర్ల సైజుకి కూడా ఒక క్లాసు ఉంది, ఆర్‌జీ 65 అని, అర్జెంటీనాలో పుట్టింది, చాపల వైశాల్యం 2250 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు అక్కడ. మీ చాపలు ఎంతో మీరు చెప్పలేదు, ఫోటో చూస్తే మటుకు అంతకంటే ఎక్కువే అనిపిస్తోంది.

సీసం పెంచే ముందు లోతు పెంచండి. 350 గ్రాములు 16 సెంటీమీటర్ల కింద ఉంటే, రెండూ గుణిస్తే 5600. అదే 480 గ్రాములు 28 సెంటీమీటర్ల కింద ఉంటే 13,440, దగ్గర దగ్గర రెండున్నర రెట్లు. పెరిగిన బరువు 130 గ్రాములే. మీ బోటు నీటిగీత దగ్గర ఒక 380 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే 130 గ్రాములకి మూడో వంతు సెంటీమీటరు మునుగుతుంది, అది కూడా వద్దనుకుంటే లోపల ప్లైవుడ్ పక్కటెముకలకి మధ్యలో రంధ్రాలు చెయ్యొచ్చు, అంత దిట్టంగా ఎందుకు కట్టారో నాకర్థం కాలేదు, మనిషి ఎక్కడు కదా.

రెండో జబ్బు, ముక్కు గాలికి తిరగడం. దీన్ని వెదర్ హెల్మ్ అంటారు. చాపల మీద గాలి నెట్టే బలమంతా ఒక బిందువు దగ్గర ఉన్నట్టు అనుకోండి. నీళ్ళలో బోటు పక్కకి జారకుండా ఆపే బలమంతా ఇంకో బిందువు దగ్గర. గాలి బిందువు వెనక ఉండి నీటి బిందువు ముందుంటే గాలి వెనక భాగాన్ని తోసీసి ముక్కుని గాలి వైపు తిప్పీస్తుంది, మేడల మీద గాలి దిక్కు చూపించే గాలికోడి లాగే. వాలిపోయినప్పుడు ఇది ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే చాపలు బోటు పక్కకి వెళ్ళిపోయి అక్కడి నుంచి లాగుతాయి. అంచేత మీ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి ఎగదోస్తున్నాయి.

కొలతకి పెద్ద పరికరాలేం వద్దు. ఊళ్ళో కుడితి తొట్టి ఏదైనా ఉంటే బాగా కడిగి నింపండి, రెండడుగుల లోతుంటే చాలు. బోటు దింపండి, మాస్టు (చాపలు కట్టే స్తంభం) తీసీండి, చుక్కాని నిట్టనిలువుగా పెట్టండి. పెన్సిల్ వెనక కొసతో నీటిగీత దగ్గర మెల్లగా పక్కకి నెట్టండి. ముక్కు దగ్గర నెడితే ముక్కు తిరుగుతుంది, తోక దగ్గర నెడితే తోక తిరుగుతుంది. మధ్యలో ఎక్కడో ఒక చోట నెడితే తిరక్కుండా అలాగే పక్కకి జరుగుతుంది, అక్కడ గీత గీయండి. అది నీటి బిందువు. గాలి బిందువుకి చాపలని అట్టముక్క మీద కత్తిరించి సూది మీద నిలబెట్టినా చాలు, లేదా త్రిభుజం మూడు మూలల సగటు తీసినా సరే. రెండు చాపలూ కలపడం ఎలాగో కొలతలు పంపితే నేను చేసి పెడతాను, టెన్త్ లెక్కే.

తొట్టిలో కొలిచింది నిలబడి ఉన్న బోటుకి, అది గుర్తు పెట్టుకోండి. బోటు కదిలేసరికి ఫిన్ అసలు పని ముందంచు దగ్గరే జరుగుతుంది కాబట్టి నీటి బిందువు ముందుకి జరుగుతుంది. అందుకే గాలి బిందువు నీటి బిందువుకి రెండు మూడు సెంటీమీటర్లు ముందుండేలా మొదలుపెట్టాలి. తర్వాత చెరువులో చూసి దిద్దుకోవాలి.

ఇంకొకటి, గొడుగు గుడ్డ తీసీండి. అమ్మాయి కుట్టు బాగుంది, తప్పు గుడ్డది. అడ్డదిడ్డంగా లాగితే సాగుతుంది, గాలి కొడితే సంచీ అవుతుంది, సంచీ లోతెక్కువైతే వాలడం ఎక్కువ, ముందుకి లాగడం తక్కువ. డ్రాఫ్టింగ్ ఫిల్మ్ (డ్రాయింగులు గీసే ప్లాస్టిక్ షీటు) దొరుకుతుంది, నా సర్వీసు అంతా దాని మీదే గడిచింది, 50 మైక్రాన్ల మైలార్ షీటు దొరికితే ఇంకా మంచిది.

కళింగపట్నం ఫైబర్

మాస్టారు గారు చెప్పింది కరెక్టే. నేను వేట బోట్లకి ఫైబర్ ప్యాచ్‌లు వేస్తాను, ఈ బొమ్మబోటు ఎప్పుడూ చెయ్యలేదు గాని సీసం విషయం నాకొదిలీండి. వలకి కట్టే సీసం గుళ్ళు ఉంటాయి, మా దగ్గర ఏ వలల కొట్లో అయినా తూకానికి ఇస్తారు. కరగబెట్టొద్దు అన్నయ్యా. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది కాబట్టి ఇంట్లో స్టవ్ మీద అయిపోతుంది అదే ప్రమాదం, ఆ పొగ పిల్లలకి చాలా చెడ్డది, ఇంక అచ్చులో ఒక్క చుక్క తడి ఉన్నా ఆవిరై సీసం మొత్తం ముఖం మీదకి చిమ్ముతుంది. మా వీధిలో ఒకాయన చేతికి ఇప్పటికీ మచ్చ ఉంది.

చల్లటి పద్ధతి చెప్తాను. సన్న పీవీసీ పైపు ముక్క పొడుగునా చీల్చి లోపల పాకింగ్ టేప్ అంటించండి, రెండు సగాలూ దగ్గరపెట్టి కట్టండి, చిన్న గుళ్ళు పోసి ఎపాక్సీ పోసీండి. గట్టిపడ్డాక పైపు ఊడిపోతుంది, రెండు కొసలూ అరగదీసి చేప ఆకారం తెండి. చేతికి గ్లవ్స్, ముక్కుకి గుడ్డ, తడిపి అరగదీయండి. గుళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి గట్టి సీసం కంటే లావవుతుంది, అంతే తేడా.

ఫిన్‌కి టేకు పలక 5 ఎంఎం. ముందంచు గుండ్రంగా, వెనకంచు బ్లేడులా పల్చగా, రెండు వైపులా సమానంగా. ఒక వైపు ఎక్కువ తీసీసారంటే బోటు ఎప్పుడూ ఒక వైపుకే లాగుతుంది. పైన సన్న గ్లాసు గుడ్డ ఒక పొర.

రెజిన్ గురించి ఒక్కమాట. మేము వాడేది పాలిస్టర్, అది థర్మోకోల్‌ని తినీస్తుంది. నేను మొదట్లో ఐస్‌పెట్టె ఒకటి చేద్దామని థర్మోకోల్ మీద మ్యాట్ వేసి రెజిన్ పూసి టీకి వెళ్ళొచ్చాను, వచ్చేసరికి లోపల మొత్తం గుహ. ఎపాక్సీ అయితే తినదు. ఇంకొకటి చాలా ముఖ్యం, రెజిన్ గట్టిపడడానికి కలిపే కేటలిస్టు, కోబాల్టు రెండూ నేరుగా కలపకండి ఎప్పుడూ, పేలుతుంది, ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిసిపోయాకే కేటలిస్టు వెయ్యాలి. వానాకాలంలో చేస్తే జిగురు జిగురుగా ఉండిపోతుంది, ఎండ ఉన్న రోజు చూసుకోండి.

మా తాత తెప్ప మీద తెరచాప కట్టుకుని వెళ్ళేవాడు, ఇంజన్లు రాకముందు మాట. దుంగల మధ్యలోంచి ఒక పలక నీళ్ళలోకి దించేవారట పక్కకి కొట్టుకుపోకుండా, గాలి ముందు నుంచి వస్తే లోతుకి దించడం, వెనక నుంచి వస్తే పైకి లాగీడం. మీ ఫిన్ అదే కదా, మా తాత దానికి డబ్బులు పెట్టలేదు అంతే తేడా 😄

రణస్థలం ఎలక్ట్రానిక్స్

రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ అయితే రిసీవర్ ఎక్కడ పెట్టారు? నీళ్ళు ఆ సిగ్నల్‌ని మింగీస్తాయి. యాంటెన్నా తీగ నీటిగీతకి పైనే ఉండాలి, డెక్కుకి కిందే ఆనించి అంటించండి, బోటు అడుగున బ్యాటరీ పక్కన పడీయకండి. రిసీవర్‌ని బెలూన్‌లో పెట్టి మూతి ముడేసీండి, నవ్వుకోకండి, అందరూ చేసే పనే.

చాపలు లాగే సర్వో (రిమోట్ చెప్పినంత మేరకి చెయ్యి తిప్పే చిన్న యంత్రం) ఏది? బొమ్మ విమానాలకి వాడే 9 గ్రాముల నీలం సర్వో అయితే అది గాలి కొట్టినప్పుడు తాడు లాగలేక వణుకుతూ కరెంటు తాగీస్తుంది. మెటల్ గేరు పెద్దది పెట్టండి. 7 సెంటీమీటర్ల చెయ్యి 90 డిగ్రీలు తిరిగితే కొస దగ్గర దగ్గర 10 సెంటీమీటర్లు కదులుతుంది, తాడుని చెయ్యి కొస దగ్గర రింగులోంచి తిప్పి వెనక్కి కట్టీస్తే 20 సెంటీమీటర్లు వస్తుంది, సర్వో మీద లోడు మాత్రం రెట్టింపవుతుంది, ఊరికే రాదు ఏదీ.

నాగావళి గట్టు (వారం తర్వాత)

మాస్టారూ, మీరు చెప్పినట్టే కొలిచాను. కుడితి తొట్టి మా మావయ్య గారిది, గేదె వచ్చి తాగడానికి నిలబడిపోయింది, దాన్ని పక్కకి తోలుతూ బోటుని పక్కకి నెడుతూ మొత్తానికి బిందువు దొరికింది. అన్నీ ముక్కు కొస నుంచి సెంటీమీటర్లలో: నీటి బిందువు 31.5. మాస్టు 29 దగ్గర ఉంది. పెద్ద చాప ఎత్తు 112, కింద అంచు 34. ముందు చాప ఎత్తు 78, కింద అంచు 18, ముందు మూల 5 దగ్గర, పై మూల 27 దగ్గర.

సర్వో నీలం రంగుదే 🙏 రిసీవర్ బ్యాటరీ పక్కనే ఉంది 🙏🙏

విజీనగరం డ్రాయింగ్ మాస్టారు

పెద్ద చాప 112 ఇంటూ 34 బై 2, అంటే 1904. ముందు చాప 702. మొత్తం 2606, నేను ఫోటో చూసి అన్నది తప్పు కాలేదు. పెద్ద చాప బిందువు మాస్టు నుంచి కింద అంచులో మూడో వంతు వెనక్కి, 40.3. ముందు చాప మూడు మూలలు 5, 23, 27, సగటు 18.3. ఇప్పుడు ఒక్కో వైశాల్యాన్ని దాని బిందువుతో గుణించి కలిపి మొత్తంతో భాగిస్తే 34.4 వస్తోంది. నీటి బిందువు 31.5. అంటే గాలి బిందువు ముందుండాల్సింది పోయి 2.9 వెనక ఉంది. ఆ బోటు చేసింది తిరగబాటు కాదు, మీరు గీసినట్టే నడిచింది పాపం.

కొత్త చాపలు ఇలా కోయండి. పెద్దది ఎత్తు 107, కింద 27. చిన్నది ఎత్తు 79, కింద 19. మొత్తం 2200 లోపే ఉంటుంది. మాస్టు 26.5కి తెండి, ముందు చాప మూల 2.5 దగ్గరికి. అప్పుడు గాలి బిందువు సుమారు 28.9కి వస్తుంది, 2.6 ముందు. మాస్టుకి ఒకే రంధ్రం చెయ్యకండి. సెంటీమీటరుకొకటి చొప్పున ఐదు రంధ్రాల పట్టీ పెట్టండి, రేపు ఎటైనా జరుపుకోవచ్చు. చిన్న సవరణలకి మాస్టు జరపక్కర్లేదు, పై కొస 3 సెంటీమీటర్లు ముందుకి వంచితే పెద్ద చాప బిందువు ఒక సెంటీమీటరు ముందుకి వస్తుంది, ఎందుకంటే బిందువు ఉండేది మూడో వంతు ఎత్తులో.

కొత్త ఫిన్ పెట్టాక తొట్టిలో మళ్ళీ కొలవాలి, ఆ గేదెకి చెప్పి ఉంచండి.

ఖాళీగున్న ఇంజినీరు

మాస్టారూ ఒక డౌటు, ఇంత కష్టపడితే ఎంత స్పీడు వస్తుంది?

విజీనగరం డ్రాయింగ్ మాస్టారు

నీటిగీత పొడవు మీటర్లలో వర్గమూలం తీసి 1.25తో గుణించండి, సెకనుకి ఇన్ని మీటర్లని వస్తుంది. 65 సెంటీమీటర్ల బోటుకి ఒక మీటరు, గంటకి 3.6 కిలోమీటర్లు, మనం నడిచేదాని కంటే తక్కువే. అలల మీద జారితే కాసేపు దాటొచ్చు. స్పీడు కోసం అయితే మీ డ్రోనే బాగుంటుంది. కానీ ఈ లెక్క ఇంకో దానికి పనికొస్తుంది. నాగావళిలో గాని కళింగపట్నం దగ్గర వంశధార మొగలో గాని దింపకండి, నీళ్ళే సెకనుకి మీటరు పారుతుంటే బోటు ముందుకి వెళ్తున్నట్టు కనిపిస్తూ సముద్రంలోకి పోతుంది. నిలవ నీళ్ళే కావాలి, 50 సెంటీమీటర్ల పైన లోతు, గాలి వచ్చే వైపు చెట్లు లేని గట్టు. మేమైతే తాటిపూడి వైపు వెళ్తాం అప్పుడప్పుడు, అది విశాఖ తాగే నీళ్ళు కాబట్టి అక్కడి వాళ్ళని అడిగి, బోటు తప్ప మరేదీ నీళ్ళలో పడకుండా చూసుకుంటాం.

గేలం కర్ర ఒకటి పట్టుకెళ్ళండి, దారం కొసకి టెన్నిస్ బంతి కట్టి. బోటు ఆగిపోతే దాని అవతలికి బంతి విసిరి లాక్కోవచ్చు. మీ 50 రూపాయలు మిగుల్తాయి.

నాగావళి గట్టు (నెల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి, ఆఫీసులో పని. కళింగపట్నం అన్న చెప్పినట్టు సీసం గుళ్ళతో చేశాను, 490 గ్రాములు వచ్చింది, కొంచెం వంకర, చేప అనుకుంటే చేప, బెండకాయ అనుకుంటే బెండకాయ. ఫిన్ 28 సెంటీమీటర్లు టేకు. తొట్టిలో మళ్ళీ కొలిస్తే నీటి బిందువు 32కి వెళ్ళింది. చాపలు డ్రాఫ్టింగ్ ఫిల్మ్‌తో మా అమ్మాయే చేసింది, ఈసారి కుట్టు కాదు డబుల్ టేపు. రిసీవర్ బెలూన్‌లో ఉంది, ఎర్ర బెలూన్, డెక్కు మూత తీసిన ప్రతివాడూ పుట్టినరోజా అని అడుగుతున్నాడు.

నిన్న మధ్యాహ్నం అదే చెరువు, అదే గాలి, నిజానికి ఇంకా ఎక్కువే. వాలింది, డెక్కు అంచు నీళ్ళకి తగిలే దాకా వచ్చింది, నా గుండె ఆగింది, అది ఆగలేదు. గాలి ఊపు పోగానే లేచి అదే దారిలో పోయింది. తాడు బిగించి గాలికి ఏటవాలుగా పెట్టి రిమోట్‌లో చుక్కాని కర్ర మీంచి వేలు తీసీసాను, పది పన్నెండు సెకన్లు సొంతంగా తిన్నగా వెళ్ళి అప్పుడు మెల్లగా గాలి వైపు తిరగడం మొదలుపెట్టింది. ఇది సరిపోతుందా, మాస్టు ఇంకా ముందుకి జరపాలా?

ఇంకో సమస్య ఉంది. గాలి పల్చగా ఉన్నప్పుడు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మలుపు తీసుకుంటుంటే మధ్యలో గాలికి ఎదురుగా నిలబడిపోతోంది. గట్టి గాలిలో మలుపు బాగానే వస్తోంది. నేను చుక్కాని పూర్తిగా తిప్పుతున్నాను, అయినా పడటం లేదు.

విజీనగరం డ్రాయింగ్ మాస్టారు

జరపకండి. వదిలేస్తే మెల్లగా గాలి వైపు తిరగడమే మంచి లక్షణం, సిగ్నల్ పోయినా ఆగి నిలబడుతుంది గాని అవతలి గట్టుకి పరిగెత్తదు.

మలుపు సంగతి, పూర్తిగా తిప్పుతున్నారు కాబట్టే పడటం లేదు. మొదట్లో చెప్పాను కదా, బ్రేకు. మలుపుకి ముందు తాడు ఒక వేలెడు వదిలి ముక్కు కొంచెం గాలికి దూరంగా పెట్టి వేగం తెచ్చుకోండి, తర్వాత తాడు బిగిస్తూ చుక్కాని సగమే, మెల్లగా. ముక్కు గాలి దాటి చాపలు అవతలికి పడ్డాక మళ్ళీ తాడు కాస్త వదలండి. అయినా ఎదురుగా ఇరుక్కుపోయి వెనక్కి నడవడం మొదలుపెడితే కంగారు పడకండి, వెనక్కి వెళ్తున్నప్పుడు చుక్కాని తిరగబడి పని చేస్తుంది, ముక్కు ఎటు పోవాలనుకుంటే దానికి ఎదురు వైపు తిప్పండి, కారు రివర్సులో తిప్పినట్టే అనుకోండి.

కళింగపట్నం ఫైబర్

బెండకాయ ఫోటో పెట్టండి అన్నయ్యా, వంకర ఎంతుందో చూద్దాం. ఫిన్‌కి తిన్నగానే ఉందా పక్కకి తిరిగిందా? పక్కకి తిరిగుంటే ఒక వైపు మలుపు ఎప్పుడూ బద్ధకంగానే వస్తుంది.

నాగావళి గట్టు

పక్కకే తిరిగింది. ఇప్పుడు స్కేలు పెట్టి చూశాను, రెండు మూడు డిగ్రీలు. కుడి వైపు మలుపే ఇబ్బంది పెడుతోంది, నిజమే, నేను గమనించలేదు, మా అమ్మాయి చెప్తే వినలేదు కూడా. శనివారం విప్పి మళ్ళీ అంటిస్తాను. గేలం కర్ర, టెన్నిస్ బంతి పట్టుకెళ్ళాను మాస్టారూ, కానీ ఆ కుర్రాడు గట్టు మీద కూర్చునే ఉన్నాడు, బంతి విసిరితే "ఎందుకన్నా, నేనున్నాను కదా" అని ముఖం మాడ్చుకున్నాడు. కాసేపు రిమోట్ ఇచ్చాను. నాకంటే బాగా మలుపు తిప్పాడు, సగం చుక్కానితోనే.